పల్లం వైపు

ఆదివారం తెల్లారకముందే
ఖిల్లా వెనక రాళ్ల బాట ఎక్కుతాను.
ఎక్కిన చోటే దింపే బాట.
ఇరవై రెండేళ్లు బస్సులో తిరిగినదాన్ని,
ఇదేం కొత్త కాదు నాకు.
అప్పుడు చక్రాలు అరిగేవి, ఇప్పుడు మోకాళ్లు.

కుడిచేతికి కొండ, ఎడమచేతికి లోయ,
ప్రదక్షిణం లెక్కన నేను.
ఎదురు వరసలో నాగుల్‌మీరా గుర్రం.

పేరు చమ్కీ.
వారమంతా పెళ్లికొడుకుల్ని మోస్తుంది
భవానీపురం ఫంక్షన్ హాళ్ల ముందు,
జనరేటర్ పొగలో, బ్యాండు మోతలో
అడుగుకి రెండు నిమిషాలు ఆగుతూ.
"దానికీ కాస్త కాళ్లు సాగాలి కదా" అని
వారానికోసారి మినీ లారీ ఎక్కించి తెస్తాడు.

మొదటిసారి ఎదురుపడింది
బాట నడుం సన్నబడే చోట.
ఒకపక్క రాతిగోడ, ఒకపక్క తుప్పల దిగుడు.
నేను గట్టెక్కి రాయికి అతుక్కుపోయాను,
ఊపిరి బిగబట్టి.
గుర్రం చెవులు వెనక్కి పడ్డాయి.
గిట్ట నేలని గీరింది.

"అటు కాదమ్మా, పల్లం వైపు నిలబడు.
పైనుంచి దూకేది చిరతేనని దాని నమ్మకం.
ఇంకోటి, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు.
మాట్లాడేది మనిషని దానికి తెలుసు.
నోరు మూసుకున్నదేదైనా అనుమానమే."

ఏం మాట్లాడను?
రిటైరయ్యాక నా నోటికి పనేముంది,
పాలప్యాకెట్టుకొక మాట,
గ్యాసు కుర్రాడికొక మాట.
దిగి నిలబడ్డాను. నోరు దానంతటదే తెరుచుకుంది.

"కుమ్మరిపాలెం, కుమ్మరిపాలెం!
విద్యాధరపురం దిగేవాళ్లు ముందుకి రావాలి.
గొల్లపూడి, గొల్లపూడి.
ఫుట్‌బోర్డు మీద ఎవరయ్యా, లోపలికి జరుగు.
గుంటుపల్లి వర్క్‌షాపు,
ఇబ్రహీంపట్నం రింగు,
చిల్లర, చిల్లర తీసి ఉంచుకోండి..."

ఒక చెవి ముందుకొచ్చింది. తర్వాత రెండోది.
రాయికీ నాకూ మధ్య నుంచి
జీను తోలు వాసన, చెమట, ఎండుగడ్డి,
జూలులో చిక్కుకున్న ఒక మెరుపు బిళ్ల
మెల్లగా దాటిపోయాయి.
నాగుల్‌మీరా నవ్వలేదు.
"కొండపల్లికి ఒకటి కొట్టండి, కండక్టరమ్మా"
అన్నాడంతే.

ఆ మలుపు తిరిగితే కృష్ణ.
పొద్దున్నే అది ఏరులా ఉండదు,
ఎవరో ఇప్పుడే తడిగుడ్డ పెట్టిన
గచ్చులా ఉంటుంది.
థర్మల్ గొట్టాల పొగ ఏదో, మబ్బేదో
తేల్చుకోవడానికి నాకు ఆర్నెల్లు పట్టింది.

మాఘంలో తెల్లపొణికి చెట్లు ఆకులు రాల్చేశాయి.
రెండు రెక్కల కాయలు
గిరగిరా తిరుగుతూ దిగుతున్నాయి,
తొందరేం లేనట్టు.
చమ్కీ ఆగి ఒక మానుకి మెడ రుద్దుకుంటోంది.
"కింద బజారులో ఈ కర్రతోనే గుర్రాలు చెక్కుతారు,
చుట్టాల్ని పలకరిస్తోందేమో" అన్నాడు.

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు.
ఆదివారమే కాదు, బుధవారం, శుక్రవారం కూడా
ఎదురుపడేవాళ్లం.
గుర్రం నిగనిగలాడింది.
నాగుల్‌మీరా చిక్కిపోయాడు.
మేత అప్పు ఎంతయిందో చెప్పలేదు, నేనూ అడగలేదు.

శ్రావణం వచ్చింది.
ఒక ఆదివారం, రెండు, మూడు,
సన్నటి చోట నిలబడ్డాను, పల్లం వైపే.
పాత గిట్టల గుంటల్లో వాననీళ్లు.
"విద్యాధరపురం" అన్నాను, ఊరికే.
"పురం" అంది రాయి.

ఆ గురువారం రాత్రి, ఆటోలో వస్తుంటే
భవానీపురంలో బండ్లన్నీ ఆగిపోయాయి.
నెత్తిన లైట్లు మోసే ఆడవాళ్లు రెండు వరసలు,
బాణసంచా, బ్యాండు,
అద్దాల గుడ్డ కింద చమ్కీ,
కళ్లకి అటూ ఇటూ తోలు రెక్కలు.
కళ్లెం పట్టుకున్న నాగుల్‌మీరా నన్ను చూడలేదు.

ఆటో దిగి
మురిక్కాలవ అంచున నిలబడ్డాను.
రోడ్డుకి అదే పల్లం.
"కుమ్మరిపాలెం" అన్నాను. "కుమ్మరిపాలెం."
నా మాట నాకే వినపడలేదు.

ఆ మోతలో ఒక్క చెవి
ఇటు తిరిగింది.
పైన పెళ్లికొడుకు
జారుతున్న తలపాగా సర్దుకుంటున్నాడు.